సెల్యులార్ షేడ్ బ్రాకెట్లు: కర్నూలు కిటికీల దగ్గర మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మాది కర్నూలులో కర్టెన్లు, బ్లైండ్లు బిగించే పని. మార్చి వచ్చిందంటే రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. కొత్త తెరలు కావాలని కొందరు, "తెర బాగానే ఉందన్నా, పైన పట్టుకునే ముక్క ఇరిగింది" అని ఇంకొందరు. రెండో రకం వాళ్లకు చెప్పిందే చెప్పి గొంతు అరిగిపోయి, ఇక రాసి పెట్టేద్దామని కూర్చున్నా. మీకు ఏ ప్రశ్న కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ముందు సంగతి

మా ఇంట్లో ఉండేది సెల్యులార్ షేడేనా? ఎట్లా తెలుసుకోవాలి?

తెరను పక్క నుంచి చూడండి. గుడ్డ మడతల మధ్య తేనెపట్టు గదుల్లాంటి ఖాళీలు కనిపిస్తే అదే. ఆ గదుల్లో గాలి నిలిచిపోతుంది కాబట్టి బయటి వేడి అంత తొందరగా లోపలికి దిగదు. కొన్నింటికి గదులు ఒక వరస, కొన్నింటికి రెండు వరసలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు దీన్ని తేనెపట్టు కర్టెన్ అంటారు, హనీకోంబ్ అని కూడా అంటారు. గుండ్రటి గొట్టానికి చుట్టుకునేది రోలర్ బ్లైండు, అడ్డంగా పలకలు ఉండేది వెనీషియన్ బ్లైండు. వాటి బ్రాకెట్లు వేరు.

బ్రాకెట్టు యాడుంటుందన్నా? నాకు తెర తప్ప ఏం కనపడదే.

కనపడకూడదనే అట్లా చేస్తారు. తెర పైన పొడవాటి అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాన్ని హెడ్‌రైల్ అంటారు. ఆ పట్టీకి, గోడకు మధ్య ఇరుక్కుని ఉండే చిన్న రేకు ముక్కే బ్రాకెట్టు. స్టూలెక్కి పట్టీ పైన, వెనక వైపు వేలితో తడిమితే తగులుతుంది. బ్రాకెట్టును గోడకు స్క్రూతో బిగిస్తారు. పై పట్టీ దానిలోకి టక్కుమని కూర్చుంటుంది. తెరకు, బ్రాకెట్టుకు మధ్య స్క్రూ ఏమీ ఉండదు.

పెట్టి మూడేండ్లు కూడా కాలే, అప్పుడే ఎందుకు ఇరిగింది?

చాలా బ్రాకెట్లలో ఒంటి భాగం స్టీలు రేకే అయినా, పట్టుకుని వదిలే నాలుక మాత్రం ప్లాస్టిక్. మన ఎండకు మొదట పోయేది ఆ నాలుకే. మొన్న అనంతపురంలో ఒక ఇంట్లో పడమటి కిటికీది విప్పాను. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కు పాత నోటుపుస్తకం రంగుకు తిరిగింది. గోటితో గీకితే సుద్దముక్కలా పొడి రాలింది. అదే ఇంట్లో, అదే రోజు బిగించిన ఉత్తరం కిటికీ బ్రాకెట్టు కొత్తదానిలా ఉంది.

రెండో కారణం చేతులు. ఈ తెరలు తేలిక, బరువుకు ఏ బ్రాకెట్టూ విరగదు. తాడు లేని రకాన్ని కింది పట్టీ పట్టుకుని లాగుతారు కదా, మెల్లగా దించకుండా వాకిట్లో బోరింగు కొట్టినట్టు లాగితే ఆ గుంజుడంతా పైన నాలుక మీద పడుతుంది.

ఒకటే ఇరిగింది. అన్నీ మార్చల్నా?

విరిగింది ప్లాస్టిక్ నాలుక అయితే ఆ కిటికీవన్నీ మార్చండి. అన్నీ ఒకే ఎండలో, ఒకే వయసులో ఉన్నాయి. ఒకటి పోయిందంటే మిగతావి వరసలో నిలబడి ఉన్నట్టే. స్టీలు రేకు వంగింది, లేదా ఒక స్క్రూ ఊడింది అనుకుంటే అదొక్కటి చూసుకుంటే చాలు. పక్క గది కిటికీల జోలికి పోనక్కర్లేదు.

## కొనేముందు

కిటికీ కొలత చెప్తే బ్రాకెట్టు ఇస్తారా?

ఇవ్వలేను. రోజుకొకసారైనా వచ్చే ప్రశ్న ఇది. ఐదడుగుల కిటికీ అయినా రెండడుగుల కిటికీ అయినా బ్రాకెట్టు ఒకటే కావచ్చు. పక్కపక్కన ఉన్న రెండు ఒకే సైజు కిటికీలకు బ్రాకెట్లు వేరు కావచ్చు. బ్రాకెట్టు పట్టుకునేది కిటికీని కాదు, తెర పై పట్టీని. కాబట్టి కొలవాల్సింది ఆ పట్టీనే.

తెర దించి, పట్టీని చివరి నుంచి చూడండి. చివర ప్లాస్టిక్ మూత ఉంటే మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మూడు సంగతులు రాసుకోండి. మొదటిది ముందు నుంచి వెనక్కి పట్టీ వెడల్పు, రెండోది ఎత్తు. టేపు కన్నా వెర్నియర్ కాలిపర్ మేలు, లేకపోతే స్కేలుతో మిల్లీమీటర్లలో చూడండి. మన మేస్త్రీలు నూళ్లలో చెప్తారు, అంగుళానికి 8 నూళ్లు, అంటే నూలుకు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇక్కడ ఆ ఒక్క నూలు తేడానే కొంప ముంచుతుంది. 38 మిల్లీమీటర్ల పట్టీకి చేసిన బ్రాకెట్టులో 41 పట్టీ ఎక్కనే ఎక్కదు. 35 పట్టీ ఎక్కుతుంది, ఆ తర్వాత ఎవరి తల మీదో దిగుతుంది.

మూడోది అంచు. పట్టీ ముందు, వెనక పైఅంచులు లోపలికి మడిచి ఉన్నాయా, బయటికి పెదవిలా ఉన్నాయా, గాడి ఉందా అన్నది. బ్రాకెట్టు కొక్కెం తగులుకునేది ఆ అంచుకే. ఇది మాటల్లో చెప్పడం కష్టం, చివరి నుంచి ఫోటో తీసి పక్కన స్కేలు పెట్టండి. పాత బ్రాకెట్టు, విరిగినదైనా సరే, పారేయకుండా జేబులో వేసుకుని రండి. వంద ఫోటోల కన్నా ఆ ముక్క ఎక్కువ చెప్తుంది.

బ్రాకెట్లలో రకాలు ఉన్నాయంట కదా?

సెల్యులార్ షేడ్లకు ఎక్కువగా తగిలేవి రెండు. స్ప్రింగు క్లిప్పు రకంలో పట్టీ ముందంచు కొక్కేనికి తగిలించి వెనక వైపు నొక్కితే కూర్చుంటుంది. తిప్పుడు రకంలో చిన్న లివర్ ఉంటుంది, పట్టీ పెట్టాక లివర్ పక్కకు తిప్పితే బిగుస్తుంది. కిటికీ గూటి లోపల కాకుండా బయట గోడ మీద పెట్టాలంటే వీటి వెనక ఎల్ ఆకారం ముక్క ఒకటి అదనంగా కావాలి. రెండు చివర్లలో డబ్బాలా ఉండి తలుపు మూసుకునే రకం ఎక్కువగా పలకల బ్లైండ్లది.

యాడ దొరుకుతాయి? హార్డ్‌వేర్ షాపులో అడిగితే నవ్వినాడు.

హార్డ్‌వేర్ షాపులో స్క్రూలు, గోడ రంధ్రంలో స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులు తీసుకోండి, బ్రాకెట్టు వద్దు. ముందు తెర అమ్మినవాళ్లనే అడగండి. బిగించేటప్పుడు మిగిలిన ముక్కలు ఫిట్టర్ల సంచిలో తిరుగుతూనే ఉంటాయి. అక్కడ లేకపోతే ఆన్‌లైన్. కర్నూలు వాళ్లం హైదరాబాదు నుంచి, అనంతపురం వాళ్లు బెంగళూరు నుంచి తెప్పించుకోవడం మామూలే. ఫోటో చూసి ఆర్డర్ పెట్టకండి. వివరాల్లో పట్టీ వెడల్పు మిల్లీమీటర్లలో రాయని సరుకును నేనైతే ముట్టుకోను.

మా పాప అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చింది. తెరలు వచ్చినాయి, బ్రాకెట్లు ఆడనే మర్చిపోయింది. ఇప్పుడెట్లా?

ఈ కథ కడపలో రెండిళ్లలో, నంద్యాలలో ఒకింట్లో విన్నాను. పై పట్టీ మీదో, కింది పట్టీ చివర మూత దగ్గరో చిన్న లేబుల్ అతికించి ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు, ఆర్డరు నంబరు ఉంటాయి. ఫోటో తీసి పాపకే పంపండి, అక్కడి నుంచి కంపెనీకి రాయమనండి. వారంటీ ఉన్న తెరలకు ఇట్లాంటి చిన్న ముక్కలు డబ్బు తీసుకోకుండా పంపే కంపెనీలు అక్కడ ఉన్నాయి, కానీ ఎక్కువగా అక్కడి చిరునామాకే. ఆపైన ఎవరు వస్తుంటే వాళ్ల సంచిలో వేయించడమే. అక్కడి కొలతలు అంగుళాల్లో ఉంటాయి, 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి.

ఎన్ని కావాలి?

తెరతో వచ్చిన కాగితంలో ఉన్న లెక్కే పాటించండి. కాగితం లేకపోతే నా లెక్క ఇది: మూడడుగుల దాకా 2, ఆ పైన 3, ఆరడుగులు దాటితే 4. నడుమది మానేస్తే మొదట్లో ఏమీ కాదు. కొన్నాళ్లకు పట్టీ మధ్యలో బట్టలారేసే తీగలా కిందికి దిగుతుంది.

రోలర్ బ్లైండు బ్రాకెట్లు ఇంట్లో ఉన్నాయి, వాటితో సర్దుకోవచ్చా?

కుదరదు. అవి గొట్టం చివర్లను పట్టుకుంటాయి, ఇక్కడ గొట్టమే లేదు.

త్రీడీ ప్రింట్ తీయిస్తే?

మా బంధువుల పిల్లోడు ఇంజనీరింగ్ చదువుతూ నాకే చేసిచ్చాడు, కొలత అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఏప్రిల్‌లో వంగిపోయింది. వాడు వాడింది పీఎల్ఏ అనే ప్లాస్టిక్కు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసిన అద్దానికి, తెరకు మధ్య ఎండ పడే సందు మన బయటి వేడి కన్నా చాలా ఎక్కువ కాగుతుంది. పెట్‌జీ అయితే 80 దాకా తట్టుకుంటుంది. ఏఎస్ఏ అనే ప్లాస్టిక్కు దాదాపు 100 దాకా ఆగుతుంది, ఎండకు పెళుసెక్కడమూ తక్కువ. తీయిస్తే ఏఎస్ఏతోనే తీయించండి.

వెల్డింగ్ షాపులో రేకు వంచి చేయించుకుంటే?

వంచిన ఇనుప రేకుకు స్ప్రింగు గుణం ఉండదు. ఒకసారి పట్టీ ఎక్కించి దించితే సాగిపోతుంది. గోడ మీద పెట్టే ఎల్ ముక్క మాత్రం అక్కడ బ్రహ్మాండంగా చేస్తారు, దానికి స్ప్రింగుతో పని లేదు.

## పాతది తీసేటప్పుడు

తెర దించాలంటే ఎట్లా? లాగితే రావడం లేదు.

లాగకండి. ముందు తెరను పూర్తిగా పైకి ఎత్తేయండి, గుడ్డ దగ్గరికి ముడుచుకుంటే చేతికి అందుబాటుగా ఉంటుంది. స్ప్రింగు రకమైతే బ్రాకెట్టుకు బయటికి పొడుచుకొచ్చిన నాలుకను బొటనవేలితోనో, చదును స్క్రూడ్రైవరుతోనో నొక్కి, పట్టీ వెనక అంచును కిందికి తిప్పండి. ముందంచు దానికదే వదిలేస్తుంది. తిప్పుడు రకమైతే లివర్‌ను బిగించిన దిక్కుకు ఎదురు తిప్పాలి. ఒక చివర వదలగానే రెండో చివర బరువుకు మెలి తిరుగుతుంది, అక్కడే మంచి బ్రాకెట్లు కూడా విరుగుతాయి. అందుకే ఇంకొకరిని పట్టుకోమనండి. ఒక్కరే ఉన్నప్పుడు స్టూలెక్కి ఈ పని పెట్టుకోకండి.

స్క్రూ తుప్పు పట్టింది, తల అరిగింది.

తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి పావుగంట ఆగండి. స్క్రూడ్రైవరుకు, స్క్రూ తలకు మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి గట్టిగా అదిమి తిప్పితే చాలాసార్లు కదులుతుంది. అయినా రాకపోతే కటింగ్ ప్లయరుతో బ్రాకెట్టు రేకునే ముక్కలు చేసి తీసేయండి. ఆ తర్వాత బయటికి మిగిలిన స్క్రూను ప్లయరుతో పట్టి తిప్పొచ్చు.

పాత రంధ్రాలే వాడొచ్చా?

కొత్త బ్రాకెట్టు పాతదాని జతే అయితే, ప్లగ్గు వేలితో లాగితే రాకపోతే, వాడొచ్చు. ప్లగ్గు వదులైతే అందులో అగ్గిపుల్లలు దూర్చి సర్దేవాళ్లు ఉన్నారు. చెక్కలో అయితే ఫెవికాల్‌తో కలిపి ఆ పని చేయొచ్చు. గోడలో వద్దు, 8 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం పెద్దది చేసి 8 ప్లగ్గు వేయండి. రంధ్రాలు కలవకపోతే బ్రాకెట్టును రెండు అంగుళాలు పక్కకు జరపండి. పాత రంధ్రానికి ఆనించి కొత్తది వేస్తే రెండూ కలిసి ఒకటే గుంత అవుతుంది.

## బిగించేటప్పుడు

కిటికీ గూడు చుట్టూ కడప బండ వేసినారు. డ్రిల్లు పెడితే పగులుతుందా?

తప్పు పద్ధతిలో పెడితే కచ్చితంగా పగులుతుంది. పని నేర్చుకున్న కొత్తలో నేనే పగలగొట్టాను. నల్లగా నిగనిగలాడే బండ, ఇంటాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. డ్రిల్లును హ్యామర్ మీద, అంటే దెబ్బ కొడుతూ తిరిగేట్టు పెట్టి మూడు సెకన్లు తిప్పానో లేదో, అంచు నుంచి అరచేయంత పెచ్చు లేచి కింద పడింది. ఆయన ఏమీ అనలేదు, ఆ పెచ్చును తీసి నా చేతిలో పెట్టాడు. బండ మార్చడానికి బేల్దారికి ఇచ్చింది నా కూలి కన్నా ఎక్కువ.

కడప రాయి, బేతంచెర్ల రాయి, తాడిపత్రి రాయి అన్నీ సున్నపురాయి జాతివే. పొరలు పొరలుగా ఏర్పడినవి, అందుకే గనిలో అంత సులువుగా పలకలుగా చీలుతాయి. హ్యామర్ దెబ్బకు ఆ పొర దగ్గరే విడిపోతాయి. కాబట్టి బండ దాటేదాకా హ్యామర్ ఆపేయండి. అంచు నుంచి కనీసం రెండు అంగుళాలు లోపలికి గుర్తు పెట్టి, అక్కడ మాస్కింగ్ టేపు అతికించండి, బిట్టు జారదు. టైల్సుకు వాడే కొత్త బిట్టుతో, నిదానంగా, ఎక్కువ అదమకుండా తిప్పండి. వైరు డ్రిల్లు పట్టుకున్న చేతికి నీళ్లు తగలనీయకండి. తడి గుడ్డతో మధ్యమధ్యలో బిట్టును చల్లార్చుకుంటే చాలు.

చాలామంది చేసే అసలు తప్పు ఇంకోటి ఉంది. బండ మందం సాధారణంగా ముప్పాతిక అంగుళం ఉంటుంది. ప్లగ్గును బండలోనే ఉంచి స్క్రూ బిగిస్తే ప్లగ్గు ఉబ్బి, ఆ రోజు కాకపోయినా మర్నాడు బండ వెంట్రుకవాసి చీలుతుంది. బండలో రంధ్రం కొంచెం వదులుగా ఉండాలి, ప్లగ్గు బండను దాటి వెనక గోడలో కూర్చోవాలి. అందుకని స్క్రూ కూడా పొడుగ్గా, రెండున్నర అంగుళాలది తీసుకోండి.

పైన లింటల్‌లో బిట్టు దిగడమే లేదు.

కాంక్రీటులో 6 మిల్లీమీటర్ల బిట్టు హ్యామర్ మీద నెమ్మదిగానైనా దిగాలి. ఒక లోతుకు పోయి, గణగణమని శబ్దం మారి ఆగిపోయిందంటే కమ్మీ తగిలింది. పోరాడకండి, అంగుళం పక్కకు జరపండి. మామూలు పనికి 6 బిట్టు, 6 ప్లగ్గు, 35 మిల్లీమీటర్ల పొడవు 8 నంబరు స్క్రూ సరిపోతాయి. తల పైకెత్తి చేసే పని కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి. కింద పరుపు ఉంటే ముందే దుప్పటి కప్పండి, ఆడవాళ్ల తిట్లు తప్పుతాయి.

మాది వేప చెక్క ఫ్రేము. ప్లగ్గు కావాల్నా?

అక్కర్లేదు. 2.5 మిల్లీమీటర్ల బిట్టుతో దారి రంధ్రం వేసి 6 నంబరు స్క్రూ బిగించండి. దారి లేకుండా దూర్చితే పాత వేప చెక్క నిలువునా చీలుతుంది. స్క్రూకు కొంచెం సబ్బు రుద్దితే సాఫీగా దిగుతుందని మా వడ్లాయన నేర్పించాడు.

యూపీవీసీ కిటికీకి రంధ్రం వేయొచ్చా?

తెరుచుకునే రెక్కకు వద్దు. రెక్కలో అద్దం, మెకానిజం ఉంటాయి. కదలని ఫ్రేముకు వేయొచ్చు, లోపల ఇనుప పట్టీ ఉంటే దానిలోకి దిగే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వాడాలి. వారంటీ ఉన్న కిటికీ అయితే ముందు బిగించినవాళ్లను అడగండి. ఎందుకొచ్చిన గొడవ అనుకుంటే ఫ్రేమును వదిలేసి పైన గోడకే పెట్టేయండి.

లోపల గ్రిల్లు అడ్డం వస్తాంది.

మన కిటికీలకు రెక్కలు బయటికి, గ్రిల్లు నడుమ, దోమల మెష్ లోపలికి. ఆ తర్వాత మిగిలిన లోతే మీది. గూట్లో పై పట్టీ వెడల్పుకు పైన అర అంగుళం మిగలకపోతే లోపల పెట్టకండి, మెష్ తెరిచిన ప్రతిసారీ గుడ్డకు రాసుకుంటుంది. ఎల్ ముక్కలతో బయట గోడ మీదికి మార్చండి. అప్పుడు తెర కిటికీ కన్నా రెండు పక్కలా రెండేసి అంగుళాలు వెడల్పుగా ఉండాలి, లేకపోతే సందుల్లోంచి ఎండ గీతలు పడతాయి.

బాడుగిల్లు. ఓనరు మేకు కూడా కొట్టనీయడు. డబుల్ టేపుతో ఆపొచ్చా?

సున్నం, డిస్టెంపర్ వేసిన గోడకు టేపు పట్టుకునేది గోడను కాదు, రంగును. మే నెలలో రంగు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. చెక్క ఫ్రేము, పైన నున్నటి ఎనామిల్ పెయింటు ఉండి, తెర రెండడుగుల లోపుదైతే ప్రయత్నించొచ్చు. అంతకన్నా ఓనరుతో మాట్లాడడం నయం. ఖాళీ చేసేటప్పుడు వాల్ పుట్టీతో పూడ్చి ఇస్తామంటే నాకు తెలిసి చాలామంది ఒప్పుకున్నారు.

బ్రాకెట్లు ఒకే వరసలో లేకపోతే ఏమవుతుంది?

పట్టీ ఎక్కదు, లేదా బలవంతంగా ఎక్కి ఏదో ఒకటి వదిలేస్తుంది. పైకి కిందికే కాదు, ముందుకు వెనక్కి కూడా సమానంగా ఉండాలి. చివరి రెండు బ్రాకెట్లు ముందు బిగించి, వాటి మధ్య నూలు దారం లాగి కట్టి, నడుమది దారానికి తగిలీ తగలనట్టు పెట్టండి. గోడ ఎత్తుపల్లాలుంటే వెనక పలుచటి ప్లాస్టిక్ ముక్క పెట్టి సరిచేయండి. రసమట్టంతో చూసుకోండి, గూడు పైభాగాన్ని నమ్మకండి. చివరి బ్రాకెట్లు పట్టీ కొసల నుంచి రెండు మూడు అంగుళాలు లోపలికి, తాడు దిగే చోటుకు, తాడు లేని రకంలో తెరను ఎత్తే స్ప్రింగు మోటారు ఉండే చోటుకు తగలకుండా చూసుకోండి.

## బిగించాక

టక్కుమని శబ్దం వచ్చింది. చాలా?

చాలదు. అన్ని బ్రాకెట్లూ విడివిడిగా టక్కుమనాలి. మూడుంటే మూడు శబ్దాలు. తర్వాత పట్టీని రెండు చేతులతో పట్టుకుని కిందికి ఒక మోస్తరు బలంతో గుంజి చూడండి. కదిలిందా, మళ్లీ దించండి. ఆ తర్వాతే తెర విప్పండి.

తెర ఒక పక్కకు వాలుతాంది.

రసమట్టం పట్టీ మీద పెట్టండి. పట్టీ సమంగా ఉంటే తప్పు బ్రాకెట్టుది కాదు, లోపలి తాడుది. తాడు లేని రకమైతే పూర్తిగా కిందికి దించి, పూర్తిగా పైకి ఎత్తండి. రెండు మూడుసార్లు అట్లా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంట్లో చిన్న పిల్లలున్నారు. తాడు ప్రమాదమా?

ప్రమాదమే, మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలో 2018 డిసెంబర్ నుంచి రెడీమేడ్‌గా అమ్మే తెరలకు వేలాడే పొడవాటి తాడు ఉండకూడదన్న ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత అక్కడ కొన్నవి ఎక్కువగా తాడు లేనివే. మీది గొలుసులా తిరిగే తాడైతే, దాన్ని గోడకు బిగువుగా పట్టి ఉంచే చిన్న ముక్క తెరతో పాటే వస్తుంది. బ్రాకెట్లు మార్చే రోజే దాన్నీ స్క్రూతో బిగించేయండి. మంచం, ఊయల కిటికీ కిందనుంచి జరపండి.

బాల్కనీ తలుపు తెర గాలికి కొట్టుకుంటాంది, బ్రాకెట్లు ఊడిపోతాయేమో.

ఆషాఢం గాలికి అనంతపురం వైపు ఈ ఫిర్యాదు ఎక్కువ. కింది పట్టీ రెండు చివర్లనూ తలుపుకు పట్టి ఉంచే చిన్న కొక్కేలు ఉంటాయి, అవి వేరుగా కొనాలి. తెర దించినప్పుడు తగిలించండి, ఎత్తేముందు గుర్తుపెట్టుకుని తీయండి. మర్చిపోయి లాగితే కొక్కెం మిగులుతుంది, పైన బ్రాకెట్టు పోతుంది.

మళ్లీ ఎన్నాళ్లకు చూసుకోవాలి?

ఏడాదికోసారి, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు. ప్లాస్టిక్ నాలుక రంగు మారిందా చూడండి, గోటితో గీకండి. పొడి రాలితే ఎండలు ముదిరేలోగా మార్చేయండి. ఈసారి కొనేటప్పుడు రెండు ఎక్కువ కొని, పాలిథిన్ కవరులో వేసి, కవరు మీద పట్టీ కొలత రాసి, కరెంటు మీటరు డబ్బా పక్కన మేకుకు తగిలించండి. బీరువాలో పెట్టినవి అవసరానికి దొరికిన ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు.